సింగపూర్ అరైవల్ కార్డు తేదీ తీసుకోవడం లేదా?

మీరు మరీ ముందుగా నింపుతున్నారు, అంతే. సింగపూర్ వెళ్లేవాళ్లు ముందే ఆన్‌లైన్‌లో నింపే ఈ ఫారం, అక్కడ దిగే రోజుతో కలిపి మూడు రోజుల్లోపే తెరుచుకుంటుంది. వారం ముందు ఎన్నిసార్లు కొట్టినా తేదీ తీసుకోదు.

ఏ సైటైనా దీనికి డబ్బు అడిగితే మూసేయండి. ఈ కార్డు పూర్తిగా ఉచితం. అడ్రస్ చివర 'జీఓవీ డాట్ ఎస్‌జీ' ఉన్న ఐసీఏ (సింగపూర్ ఇమిగ్రేషన్ శాఖ) సైటులో నింపాలి.

అందరూ తప్పేది ఇక్కడే:

1. వైజాగ్‌లో రాత్రి ఎక్కే ఫ్లైట్ అక్కడ మర్నాడే దిగుతుంది. వాళ్ల గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. కాబట్టి టికెట్ మీద బయల్దేరే తేదీ కాదు, దిగే తేదీ వెయ్యండి. 14 రాత్రి ఎక్కితే 15. మూడు రోజుల లెక్క కూడా 15 నుంచే వెనక్కి, అంటే 13 నుంచి.

2. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే. ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటే దాన్ని విప్పి పూర్తి పేరుగా రాయొద్దు.

3. పిల్లలకీ విడిగా నింపాలి.

ఇది వీసా కాదు, వీసా వేరే ఉండాలి. ఈమెయిల్‌కి వచ్చిన కాపీ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. చూయింగ్ గమ్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి, అక్కడికి తీసుకెళ్లకూడదు.