పక్షవాతం తర్వాత ఏ కర్ర, ఏ చేతికి?

ప్రశ్న: మా మావగారికి పక్షవాతం వచ్చి ఎడమ కాలు, ఎడమ చెయ్యి పట్టు తప్పాయి. ఇప్పుడు ఆసరాతో నాలుగడుగులు వేస్తున్నారు. బంధువులు వాకర్ తెచ్చిచ్చారు గానీ ఎత్తబోతే ఎడమకి తిరిగిపోతోంది. కర్ర కొనమంటారా?
– ఓ పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: వాకర్‌కి రెండు చేతుల బలం కావాలి. ఒక్క చేత్తో లేపితే ఓరగానే లేస్తుంది. దాన్ని పక్కన పెట్టండి. చక్రాల వాకర్ మాత్రం అసలొద్దు, ముందుకు జారితే ఆపలేరు.

నాలుగు కాళ్ల కర్ర చూడండి, మొదట్లో అడుగున పీట వెడల్పుగా ఉన్నది మేలు. కొనేముందు ఫిజియోథెరపిస్ట్ ఎదుట ఒకసారి నడిపించి చూస్తే డబ్బు వృథా కాదు. కర్ర కుడి చేతికే ఇవ్వాలి. పడిపోయిన వైపే ఆసరా ఉండాలని చాలామంది అటే పట్టిస్తారు. ఎడమ కాలి మీద నిలబడ్డ క్షణంలో ఒంటి బరువులో కొంత కర్ర మోయాలంటే అది బలమున్న చేతిలోనే ఉండాలి. పీటకి ఒకవైపు కాళ్లు బయటికి చాచి ఉంటాయి, రెండోవైపు తిన్నగా ఉంటాయి. తిన్నగా ఉన్న వైపు ఒంటి పక్కకి రావాలి. తిరగబడితే పాదం తగిలి పడతారు.

ఎత్తు షాపులో అంచనాగా పెట్టించుకోవద్దు. రోజూ వేసుకునే చెప్పులతో నిలబెట్టి, చెయ్యి కిందికి వదిలేయమనండి. పిడి మణికట్టు ముడత దగ్గరకి రావాలి. పట్టుకున్నప్పుడు మోచెయ్యి 20–30 డిగ్రీలు వంగుతుంది. భుజం పైకి లేస్తోందంటే కర్ర పొడవెక్కువ, నడుం వంగుతోందంటే పొట్టి. ఎత్తు మార్చాక, కర్రని ఆ ఎత్తులో ఆపే బటన్ రంధ్రంలోంచి పూర్తిగా బయటికి వచ్చిందో లేదో వేలితో తడిమి చూడండి.

నడిచేటప్పుడు ముందు కర్ర, తర్వాత ఎడమ కాలు, ఆఖర్న కుడి కాలు. కర్ర నాలుగు కాళ్లూ ఒకేసారి నేలకి ఆనాలి. అందుకే గతుకుల మట్టి వీధిలో ఇది ఊగుతుంది, ఇంట్లోనూ సిమెంటు నేల మీదా పనికొస్తుంది. మెట్టు ఎక్కేటప్పుడు ముందు కుడి కాలు; దిగేటప్పుడు ముందు కర్ర, వెంటనే ఎడమ కాలు. మీరు ఎడమవైపు, ఓ అర అడుగు వెనక నిలబడి నడుం బెల్టు పట్టుకోండి. ఆయన ఎడమ చెయ్యి పట్టి లాగితే భుజం కీలు జారొచ్చు, ఆ నొప్పి నెలల తరబడి వేధిస్తుంది.

హవాయి చెప్పులు మానిపించి, మడమ వెనక పట్టీ ఉన్నవి వేయించండి. ముని వేళ్లు నేలను రాస్తుంటే మాత్రం ఏ కర్రా ఆ లోపం తీర్చదు, దానికి పాదాన్ని పైకి ఎత్తిపట్టే పట్టా వేరే ఉంటుంది, డాక్టర్‌ని అడగండి. కర్ర అడుగు రబ్బర్ల గీతలు అరిగిపోతే తడి నేల మీద జారుతుంది, రబ్బర్లు మాత్రం విడిగా దొరుకుతాయి.