ఇటాలియన్ క్రియల్లో ఏ అక్షరం మీద నొక్కాలి?

మీరు అడిగినవి రెండు. "వాళ్ళు నివసిస్తారు" అనడానికి 'అబితానొ' అనాలా, 'ఆబితనొ' అనాలా? 'లెగ్గొనొ' (వాళ్ళు చదువుతారు) లాంటి మాటను ఎక్కడ విరవాలి? మొదటిదాంతో నేనూ చాలా ఇబ్బంది పడ్డాను. కింద నొక్కి పలికే అచ్చుకు దీర్ఘం పెట్టి రాస్తున్నాను.

ఇటలీలోని తొరీనోలో చదువుకునే రోజుల్లో మా ఇంటి ఓనరు, పెద్దావిడ, నా స్నేహితులు ఎక్కడుంటారని అడిగారు. దగ్గర్లోనే అని చెబుతూ 'అబితానొ' అన్నాను. అర్థం కాలేదు. అదే మాట ఇంకాస్త గట్టిగా అన్నాను, అయినా కాలేదు. విషయం బోధపడ్డాక ఆవిడ వంటగది బల్ల మీద వేలితో నాలుగుసార్లు కొట్టి చూపించారు. మొదటిది గట్టిగా, మిగతా మూడూ చకచకా: ఆ-బి-త-నొ.

తెలుగులో ఎక్కడ నొక్కినా మాట అర్థం మారదు. అక్కడ మారుతుంది. 'పార్లొ' అంటే మాట్లాడతాను, 'పర్లో' అంటే అతను మాట్లాడాడు. చివరి అచ్చు మీద నొక్కు ఉంటేనే రాతలో దానిపై గీత పెడతారు, మిగతాచోట్ల మామూలుగా ఏ గుర్తూ ఉండదు. చిక్కంతా అక్కడే.

వర్తమానంలో నేను, నువ్వు, అతను, వాళ్ళు రూపాలకు నొక్కు ఒకేచోట ఉంటుంది: ఆబితొ, ఆబితి, ఆబిత, ఆబితనొ. మేము, మీరు అన్నప్పుడు మాత్రం మాట చివరివైపుకు జరుగుతుంది: అబిత్యామొ, అబితాతె. అందుకని "వాళ్ళు" దగ్గర తడబడితే ముందు "అతను" రూపం పలకండి, నొక్కును కదపకుండా 'నొ' చేర్చండి. "ఉండేవాళ్ళు" అనే భూతకాలానికీ ఇదే పద్ధతి: అబితావ, అబితావనొ.

అయితే "నేను" రూపంలో నొక్కు ఎక్కడుందో మూలరూపం చూసి ఊహించలేం. అబితారె నుంచి ఆబితొ వస్తే, అచ్చం అలాగే ముగిసే ఇన్వితారె (ఆహ్వానించడం) నుంచి ఇన్వీతొ వస్తుంది. మంచి ఇటాలియన్ నిఘంటువులు క్రియ పక్కనే "నేను" రూపాన్ని గీతతో ఇస్తాయి. కొత్త క్రియ రాసుకున్నప్పుడల్లా దాన్ని కూడా పక్కన రాసుకోండి. నాకు దీనికి మించిన దారి దొరకలేదు.

ఇక విరుపు. ద్విత్వం రెండుగా చీలుతుంది: లెగ్-గొ-నొ, నొక్కు 'లెగ్' మీద. మన లిపిలో 'గ్గొ' ఒకే అక్షరంగా కనిపిస్తుంది కాబట్టి లె-గ్గొ-నొ అని విరవాలనిపిస్తుంది. 'గ్గ' ముందున్న లఘువు ఛందస్సులో గురువవుతుంది కదా, ఆ బరువు గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది. 'స' తర్వాత ఇంకో హల్లు వస్తే మాత్రం రాతలో విడదీయరు: ఫి-నీ-స్కొ-నొ (వాళ్ళు ముగిస్తారు). ఇక్కడ మన లిపిలో కనిపించినట్టే విరిస్తే చాలు.