హీట్ పంప్ వేడి తగ్గిందా? గ్యాస్ నింపించే ముందు చూడవలసినవి

న్యూజిలాండ్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్లు ఇక్కడి చలికాలమైన జూన్, జులై నెలల్లో హీట్ పంప్ (వేడిగాలి కూడా ఇచ్చే స్ప్లిట్ ఏసీ) గురించి తరచుగా అడిగే ప్రశ్న ఇది: "అద్దె ఇంట్లో హాలు గోడకు హీట్ పంప్ ఉంది. దిగిన కొత్తలో గది బాగానే వేడెక్కేది. ఇప్పుడు 26 డిగ్రీలు పెట్టినా చలి వదలడం లేదు, కరెంటు బిల్లు మాత్రం పెరిగింది. గ్యాస్ అయిపోయిందేమో, నింపించమంటారా?"

చివరి మాటకే ముందు జవాబు చెబుతాను. హీట్ పంప్‌లోని గ్యాస్ వంటగ్యాస్‌లా వాడకంతో ఖర్చయిపోయేది కాదు. మూసివున్న రాగి గొట్టాల్లో తిరుగుతూ, చలికాలంలో బయటి గాలిలో ఉన్న కొద్దిపాటి వేడిని పట్టుకొని లోపలికి తెచ్చి వదలడమే దాని పని. ఎక్కడో ఒకచోట కారితే తప్ప అది తగ్గదు. వేసవి మొదలయ్యే ముందు మెకానిక్‌ను పిలిపించి ఏసీకి గ్యాస్ కొట్టించుకోవడం హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ చాలా ఇళ్లలో ఏటా జరిగే తంతు కాబట్టి మనకు మొదట తోచేది అదే. అయితే నెలల తరబడి కొంచెం కొంచెంగా బలం తగ్గుతూ వచ్చిన యంత్రంలో ముందు అనుమానించవలసింది గ్యాస్‌ను కాదు, గాలి వెళ్లే దారిని.

దానికన్నా ముందు, అసలు అది లోపమేనా అన్నది తేల్చుకోవాలి. బయట చలితో పాటు తేమ కూడా ఉన్నప్పుడు అవుట్‌డోర్ యూనిట్ వెనుక రేకుల మీద మంచు పేరుకుంటుంది. దాన్ని కరిగించుకోవడానికి యంత్రం కొద్ది నిమిషాలు తన పనిని తిరగేసి, ఇంట్లోని వేడిని బయటి యూనిట్‌కు పంపుతుంది. అప్పుడు లోపలి ఫ్యాన్ ఆగుతుంది, బయట తెల్లటి ఆవిరి లేస్తుంది, యూనిట్ కింద నీళ్లు కారతాయి. పొగ వస్తోందని కంగారుపడి స్విచ్ ఆపేసేవాళ్లు ఉన్నారు. అలా ఆపితే మంచు సగంలో మిగిలిపోయి తరువాతి గంట ఇంకా ఇబ్బంది అవుతుంది. అయిదు పది నిమిషాల్లో వేడిగాలి తిరిగి వస్తూ, మంచు కురిసిన ఉదయాల్లో ఇది గంటకోసారి జరుగుతున్నా సహజమే. పావుగంటకోసారి జరుగుతుంటే మాత్రం ఎక్కడో తేడా ఉన్నట్టు.

సామర్థ్యం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇక్కడి ప్రమాణాల్లో వేడిచేసే శక్తిని బయట 7 డిగ్రీలు ఉన్నప్పుడు ఒకసారి, 2 డిగ్రీలు ఉన్నప్పుడు మరోసారి కొలుస్తారు. మొదటిది హెచ్1, రెండోది హెచ్2. దుకాణంలో పెద్ద అక్షరాలతో కనిపించేది సాధారణంగా మొదటి అంకె. కాస్త వెచ్చగా ఉండే ఆక్లాండ్‌లో దానితో పెద్దగా పేచీ లేదు కానీ, చలి ఎక్కువైన దక్షిణాది క్రైస్ట్‌చర్చ్‌లోనో ఇన్వర్‌కార్గిల్‌లోనో గడ్డి తెల్లబడిన ఉదయాన మీకు అక్కరకొచ్చేది రెండో అంకె; మంచు కరిగించుకోవడానికి పోయే వేడి కూడా అందులో లెక్కకు వస్తుంది. మే నెలలో సరిపోయిన యంత్రం జులై తెల్లవారుజామున చాలకపోతే, అది చెడిపోయిందని కాదు, గదికి చిన్నదని అర్థం.

రిమోట్‌ను కూడా ఒకసారి పరిశీలించండి. ఆటో మోడ్‌లో వదిలితే యంత్రం తన లెక్క ప్రకారం వేడి నుంచి చల్లదనానికి మారవచ్చు; నీటిబొట్టు బొమ్మ ఉంటే అది తేమ తీసే మోడ్. సూర్యుడి బొమ్మ కనిపించాలి. ఫ్యాన్‌ను శబ్దం రాకూడదని అట్టడుగు వేగంలో పెట్టుకుంటే వేడి కూడా ఆ మేరకే వస్తుంది. 30 డిగ్రీలు పెట్టినంత మాత్రాన యంత్రానికి లేని బలం రాదు. 20, 21 దగ్గర ఉంచి ఫ్యాన్‌ను పెంచడం మేలు.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా వేడి చాలకపోతే, గోడ మీది యూనిట్ ముందు పలకను ఎత్తి ఫిల్టర్లు తీయండి. వాక్యూమ్‌తో దుమ్ము లాగి, గోరువెచ్చని నీటితో కడిగి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి పెట్టాలి. చలికాలంలో నెలకొకసారైనా ఈ పని చేయవలసిందే, మన ఇళ్లలో ఇంకా ముందే. కారణం మన వంట. ఇక్కడి ఇళ్లలో వంటగదికీ హాలుకీ మధ్య చాలాచోట్ల గోడ ఉండదు. పోపు, వేపుడు, పండగనాటి గారెల నూనె ఆవిరి అంతా నేరుగా హీట్ పంప్ పీల్చుకుంటుంది. వట్టి దుమ్మయితే దులిపితే రాలుతుంది. నూనె తగిలిన దుమ్ము అంటుకుపోతుంది. అగరొత్తుల పొగ కూడా దానికి తోడు. పొయ్యి పైన ఉన్న చిమ్నీని వంట మొదలుపెట్టే ముందే వేసి, అయ్యాక మరికొంతసేపు ఉంచితే సగం బాధ తప్పుతుంది.

ఫిల్టర్లు కడిగాం కదా అని చాలామంది అక్కడితో ఆగిపోతారు. అసలు చెత్త ఉండేది ఫిల్టర్ దాటాక. యంత్రాన్ని ఆపి, దాని స్విచ్ కూడా తీసేసి, గాలి బయటికి వచ్చే చీలికలోంచి టార్చి వేసి చూడండి. లోపల ఈ చివర నుంచి ఆ చివర దాకా గొట్టం ఆకారంలో ఒక బ్లోయర్ చక్రం ఉంటుంది. దాని చుట్టూ సన్నని ప్లాస్టిక్ రెక్కలు వరుసగా ఉంటాయి. ఒక్కో రెక్కకు కొద్దిగా వంపు ఉంటుంది. గాలిని తోసేది ఆ వంపే. ఆ వంపుల్లో బూడిదరంగు మడ్డి నిండిపోయి, రెక్క అంచు మొద్దుగా కనిపిస్తే, చక్రం ఎంత వేగంగా తిరిగినా గాలి కదలదు. గోటితో గీకితే జిడ్డుగా పెచ్చు ఊడుతుంది, పాత నూనె కంపు వస్తుంది. యంత్రం వేసినప్పుడల్లా హాల్లో ముక్కిన వాసన వస్తోందంటే చాలావరకు దీని చలవే.

గాలి తగ్గితే వేడి ఎందుకు తగ్గుతుందో తెలిస్తే మిగతా పరీక్ష సులువవుతుంది. లోపలి కాయిల్‌లోకి, అంటే సన్నని రేకులు తొడిగిన రాగి గొట్టాల వరుసలోకి, వేడి గ్యాస్ వస్తుంది. దాని వేడిని గాలి తీసుకుపోవాలి. గాలి చాలకపోతే కాయిల్ మితిమీరి వేడెక్కుతుంది, అక్కడున్న సెన్సర్ అది గమనించి కంప్రెసర్ (గ్యాస్‌ను ఒత్తిడితో తిప్పే యంత్రభాగం) వేగాన్ని తగ్గించేస్తుంది. యంత్రం తనను తాను కాపాడుకుంటుంది, మీ గది చల్లగానే ఉంటుంది.

ఇక పరీక్షకు మామూలు డిజిటల్ థర్మామీటర్ ఒకటి చాలు. వేడి మోడ్‌లో అత్యధిక ఉష్ణోగ్రత, అత్యధిక ఫ్యాన్ వేగం పెట్టి పావుగంట నడవనివ్వండి. యూనిట్ పైభాగాన గాలి లోపలికి పోయేచోట ఒకసారి, కింద బయటికి వచ్చేచోట ఒకసారి కొలవండి. గది 18 డిగ్రీల దగ్గర ఉంటే బయటికొచ్చే గాలి సుమారుగా 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండాలి. అంకెతో పాటు గాలి జోరును కూడా చేత్తో గమనించాలి, ఎందుకంటే తీర్పు చెప్పేది ఆ రెండూ కలిసి. గాలి బలహీనంగా ఉండి చాలా వేడిగా ఉందంటే దారి మూసుకుపోయింది: ఫిల్టరు, కాయిల్, బ్లోయర్ చక్రం. గాలి జోరుగా వస్తూ గోరువెచ్చగానే ఉందంటే లోపలి శుభ్రతతో పనిలేదు. తప్పు బయటి యూనిట్‌లోనో, గ్యాస్‌లోనో, కంప్రెసర్‌లోనో ఉంది. ఈ ఒక్క తేడా తెలిసి మెకానిక్‌కు ఫోన్ చేస్తే మాటల తీరే మారుతుంది.

బ్లోయర్‌ను మీరే కడుగుదామని మాత్రం అనుకోకండి. హార్డ్‌వేర్ దుకాణాల్లో స్ప్రే డబ్బాలు దొరుకుతాయి నిజమే. కానీ లోపలి యూనిట్‌లో ఒక పక్కన, సాధారణంగా కుడివైపు, ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. దాని మీద నీరు పడితే శుభ్రపరిచే ఖర్చుకు ఎన్నో రెట్లు పోతుంది. పుల్ల పెట్టి గీకితే రెక్క విరిగి చక్రం తూకం తప్పి గడగడమంటుంది. శుభ్రపరిచేవారు యూనిట్ చుట్టూ ప్లాస్టిక్ సంచి కట్టి, బోర్డును కప్పి, మందు కొట్టి, తక్కువ ఒత్తిడి నీటితో కడుగుతారు. సంచిలోకి దిగే నల్లటి నీళ్లను చూస్తే ఇన్నాళ్లు ఏం పీల్చామో అర్థమవుతుంది.

బయటి యూనిట్ దగ్గర చూడవలసింది తక్కువే. వెనుక రేకులకు ఆకులు, గడ్డి, కుక్క వెంట్రుకలు అంటుకున్నాయేమో చూసి మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందికి తీయండి; ప్రెషర్ వాషర్ పెడితే రేకులు మడతపడి ఉన్న దారి కూడా పోతుంది. చుట్టూ పొదలు పెరగనివ్వకూడదు, సామాన్లు ఆనించకూడదు. అడుగున నీరు పోయే రంధ్రాలు పూడితే కరిగిన నీరు అక్కడే గడ్డకట్టి, రోజు రోజుకూ పైకి పెరిగి, చివరకు ఫ్యాన్ రెక్కలకు తగులుతుంది. మూత మాత్రం విప్పవద్దు. స్విచ్ ఆపిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో కొన్ని నిమిషాల పాటు ప్రాణం తీయగల వోల్టేజి నిలిచి ఉంటుంది.

గ్యాస్ నిజంగానే కారితే దానికి గుర్తులుంటాయి. వేడి మోడ్‌లో బాగున్న యంత్రంలో బయటి యూనిట్ రేకులన్నిటి మీదా మంచు సమంగా పలచగా పడుతుంది. గ్యాస్ తగ్గినదానిలో ఒక మూల మాత్రమే దట్టంగా మంచు కట్టి, మిగతా భాగం పొడిగా ఉంటుంది. గొట్టాలు యూనిట్‌కు కలిసేచోట ఉండే ఇత్తడి నట్ల దగ్గర జిడ్డు మరక, దాని మీద దుమ్ము కనిపిస్తే అనుమానం బలపడుతుంది, ఎందుకంటే గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కొంచెం బయటికొస్తుంది. కొన్ని యంత్రాలు తామే చెబుతాయి. డైకిన్‌లో యూ0 అనే కోడ్ వస్తే గ్యాస్ తక్కువైందని సంకేతం. మీ మోడల్ కోడ్‌లు మాన్యువల్లో ఉంటాయి.

అప్పుడు పిలవవలసింది గ్యాస్ నింపడానికి కావలసిన ధ్రువపత్రం ఉన్న టెక్నీషియన్‌ను. వచ్చినాయన గేజి తగిలించి, కొంచెం గ్యాస్ ఎక్కించి, "ఇప్పుడు చూడండి" అని వెళ్లిపోతే ఆ డబ్బు పోయినట్టే. పద్ధతి ఇది: మిగిలిన గ్యాస్‌ను సిలిండర్‌లోకి తీసుకోవాలి, గాలిలోకి వదలకూడదు, నైట్రోజన్‌ను ఒత్తిడితో నింపి, నురగతోనో పరికరంతోనో కారుతున్న చోటు పట్టుకోవాలి, చాలాసార్లు అది ఫ్లేర్ నట్ (పైన చెప్పిన ఇత్తడి నట్) దగ్గరే ఉంటుంది, ఆ అతుకును కొత్తగా చేసి టార్క్ రెంచితో బిగించాలి, వాక్యూమ్ పంపుతో గాలీ తేమా తీసేయాలి, ఆ తరువాత యూనిట్ పలక మీద రాసివున్న బరువు ప్రకారం తూచి నింపాలి. నింపిన గ్రాములు బిల్లులో రాయమని అడగండి. ఇప్పటి యంత్రాల్లో ఎక్కువగా ఉండే ఆర్32 అనే గ్యాస్ స్వల్పంగా మండే స్వభావం ఉన్నది, ఆర్410ఎ ఒత్తిడి ఎక్కువది. స్నేహితుడి గ్యారేజీలో చేసుకునే పని కాదు. పాత ఆర్22 గ్యాస్ యంత్రమైతే కారడం మొదలైన రోజే కొత్తదాని గురించి ఆలోచించడం మంచిది.

గ్యాస్ కూడా సరిగ్గా ఉంటే మిగిలేవి సెన్సర్లు, వేడికీ చల్లదనానికీ మధ్య గ్యాస్ దిశ మార్చే వాల్వ్, బోర్డు. ఉష్ణోగ్రత సెన్సర్ తప్పు చెబితే యంత్రం గది వేడెక్కిందనుకొని నెమ్మదిస్తుంది. చవక వస్తువే, మీటర్‌తో నిరోధం కొలిస్తే తేలిపోతుంది. అందుకే బోర్డు మార్చాలని ఎవరైనా అంటే, సెన్సర్లు కొలిచారా అని అడగడంలో తప్పులేదు.

అద్దెకున్నవారు ఇవన్నీ తమ జేబులోంచి పెట్టుకోనక్కరలేదు. అద్దె ఇళ్లకు ప్రభుత్వం పెట్టిన హెల్దీ హోమ్స్ ప్రమాణాల ప్రకారం హాలును 18 డిగ్రీలకు చేర్చగల స్థిరమైన హీటర్ ఉండాలి. 2025 జులై 1 నుంచి ఇది అద్దె ఇళ్లన్నిటికీ వర్తిస్తుంది. ఫిల్టర్లు శుభ్రంగా ఉంచుకోవడం సాధారణంగా అద్దెదారు పనిగా చూస్తారు, మరమ్మతు యజమానిది. ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా, కొలిచిన అంకెలు, ఫిల్టర్ కడిగిన తేదీ, బయటి యూనిట్ మీది మంచు ఫొటో జతచేసి ఈమెయిల్ పంపండి. స్పందన లేకపోతే 14 రోజుల్లో బాగుచేయమని నోటీసు, ఆ తరువాత అద్దె తగాదాలు తేల్చే టెనెన్సీ ట్రిబ్యునల్. కోపం వచ్చినా అద్దె మాత్రం ఆపకండి, తప్పు మీ మీదికి వస్తుంది. ఓనర్‌ను అడిగితే ఇల్లు ఖాళీ చేయిస్తాడేమోనన్న జంకు మనవాళ్లలో ఎక్కువ; ప్రతీకారంగా ఇచ్చే ఖాళీ నోటీసును చెల్లదని ప్రకటించమని ఇక్కడ ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. సొంత ఇల్లయితే వారంటీ గడువు దాటినా కన్స్యూమర్ గ్యారంటీస్ చట్టం, 1993 కింద అమ్మినవారిని అడగవచ్చు. కొద్ది ఏళ్లకే కంప్రెసర్ పోయిందంటే అది న్యాయమైన మన్నిక కాదని వాదించే హక్కు ఉంటుంది.

సర్వీసింగ్‌కు మార్చి, ఏప్రిల్ నెలల్లో పిలవండి. జూన్‌లో మొదటి మంచు పడ్డ వారం ఊరంతా అదే నంబరుకు ఫోన్ చేస్తుంది.