మొదటి రోజే కొట్టుకున్నాయి. కొత్త పిల్లిని వెనక్కి ఇచ్చేయాలా?

ఇచ్చేయకండి, కనీసం ఇప్పుడే వద్దు. రెండు పిల్లులున్న ఇంటికి ఏడాది వయసు గండుపిల్లిని తెచ్చి నేరుగా హాల్లో వదిలామని, కొట్లాట అయ్యాక మూడు రోజులుగా అది మంచం కిందే ఉందని రాశారు. సరిగ్గా ఈ తప్పే నేనూ చేశాను. అప్పటికి మా ఇంట్లో రాణి, కాటుక, బూడిద అని మూడు పిల్లులు. నాలుగోవాడు చిన్నోడిని బుట్టలోంచి తీసి మధ్యలో పెట్టి, అవే చూసుకుంటాయిలే అనుకున్నాను. పది నిమిషాల్లో కర్టెన్ చిరిగింది, నా మోచెయ్యి గీరుకుపోయింది, చిన్నోడు ఫ్రిజ్ వెనక దూరాడు.

ముందు ఒక మాట. ఈ మూడు రోజుల్లో అది ఏమైనా తిన్నదా? ఆ సంగతి రాయలేదు. పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. లావుగా ఉన్నవాటికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. తినకపోతే మిగతావన్నీ పక్కన పెట్టి ఈరోజే డాక్టర్‌కి చూపించండి. తింటున్నా సరే, ఫెలైన్ లుకేమియా, ఎఫ్‌ఐవీ (రెండూ ఒక పిల్లి నుంచి ఇంకోదానికి అంటుకునే వైరస్ జబ్బులు) రక్తపరీక్షలు, టీకాలు, తామర లాంటివి ఒకసారి చూపించడం మంచిది. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాని గండుపిల్లి అయితే అదీ చేయించండి. హార్మోన్లు పూర్తిగా తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి మర్నాటికే బుద్ధిమంతుడు అయిపోతాడని అనుకోకండి.

ఇక మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టండి. దానికి తలుపు ఉన్న గది ఒకటి ఇవ్వండి. లోపల నీళ్లు, లిట్టర్ ట్రే (మలమూత్రాలకు ఇసుక లాంటిది పోసి ఉంచే పళ్లెం), దాక్కోవడానికి ఒక అట్టపెట్టె. రెండు వారాలు అక్కడే ఉన్నా ఏం కాదు, మీరు వెళ్లి కాసేపు కూర్చుంటే చాలు.

పిల్లులకు పరిచయం కంటితో కాదు, ముక్కుతో మొదలవుతుంది. చెంపల దగ్గర వాటికి వాసన గ్రంథులు ఉంటాయి. పొడి గుడ్డతో కొత్తదాని చెంపలు తుడిచి, మిగతావి తిరిగే చోట పడేయండి. తీసుకెళ్లి ముక్కుకి అంటించొద్దు. మా కాటుక వాసన చూసి నోరు సగం తెరిచి అలాగే నిలబడిపోయింది. భయపడ్డాను కానీ అంగిట్లో ఉండే అవయవంతో వాసన పసిగట్టే పద్ధతేనట అది. రాణి బుసకొట్టి వెళ్లిపోయింది. బూడిద అటు చూడనేలేదు.

తర్వాత మూసిన తలుపుకి ఇటూ అటూ తిండి గిన్నెలు. మొదట దూరంగా పెట్టి, ప్రశాంతంగా తింటుంటే రోజూ కాస్త దగ్గరికి జరపండి. మధ్యమధ్యలో గదులు మార్చండి, కొత్తది ఇల్లంతా తిరిగి చూస్తుంది, పాతవి దాని గది చూస్తాయి. ఆ తర్వాతే జాలీ తలుపు గుండా ముఖాలు చూపించడం.

ఇక్కడ నేను చేసిన రెండో తప్పు, మూడింటినీ ఒకేసారి జాలీ ముందుకు రానివ్వడం. చిన్నోడిని చూసి రెచ్చిపోయిన రాణి వాడు అందక పక్కనున్న కాటుకని కొట్టింది, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు. అన్నేళ్లు కలిసి పడుకున్న ఆ రెండూ వారం పాటు ఎడమొహం పెడమొహం. అందుకని ఒక్కొక్కదాన్నే కలపండి, సాధువైన దానితో మొదలుపెట్టి. కొట్టుకుంటే చెయ్యి అడ్డం పెట్టకండి. దిండో అట్టముక్కో మధ్యలోకి తోయండి. తిట్టడం వల్ల లాభం లేదు, ఆ భయాన్ని కూడా కొత్తదాని ఖాతాలోనే వేసుకుంటాయి.

అయితే నన్ను నిజంగా ఏడిపించింది బుసకొట్టే రాణి కాదు. బుస అంటే దగ్గరికి రావొద్దని చెప్పడం, అంతే. రెండు వారాల్లో తనంతట తనే మానేసింది. నోరెత్తని బూడిదే అసలు సమస్య. వసారాలో లిట్టర్ ట్రేకి వెళ్లే దారిలో కూర్చుని రెప్ప వేయకుండా చూసేది. చిన్నోడు కాలిపట్టా మీద మూత్రం పోస్తుంటే అలవాటు లేదేమో అనుకుని వాడినే విసుక్కున్నాను. నిజానికి వాడికి దారి లేదు! పిల్లుల కంటే ట్రేలు ఒకటి ఎక్కువ ఉండాలంటారు. నా దగ్గర అయిదూ ఉన్నాయి, కానీ అన్నీ ఒకే మూల వరసగా. ఒక్కరు కాపలా కూర్చుంటే అయిదూ మూతపడ్డట్టే. రెండు ట్రేలు వేరే గదిలోకి మార్చి, కిటికీ పక్కన ఎత్తులో ఒక అర కొట్టించాక నాలుగు రోజుల్లో కాలిపట్టా ఆరింది. మీకు మూడు పిల్లులు కాబట్టి నాలుగు ట్రేలు, రెండు మూడు చోట్ల పెట్టండి.

మొత్తం మూడు నెలలు పట్టింది మాకు. కాటుక ఇప్పుడు చిన్నోడిని నాకుతుంది. బూడిదతో మాత్రం స్నేహం కుదరలేదు, సోఫాకి ఆ చివరొకరు ఈ చివరొకరు పడుకుంటారు. నాకు అది చాలు.

అది తింటోందో లేదో, మీ రెండింట్లో దారికి అడ్డం కూర్చునేది ఏదో చూసి రాయండి. దాన్నిబట్టి ట్రేలు ఎక్కడ పెట్టాలో చూద్దాం.