అల్లుడూ, ముందు ఎర్త్ చూడు

అల్లుడూ,

నువ్వు పంపిన వీడియోలు నాలుగుసార్లు చూశాను. కంటి ఆపరేషన్ అయ్యాక నెల రోజులు వంగి పనిచేయొద్దన్నాడు డాక్టరు, లేకపోతే ఈపాటికి తెనాలి బస్సెక్కేవాణ్ణి. ఫోన్‌లో చెబితే సగం విని "అర్థమైంది మామయ్యా" అంటావు. అందుకే కూర్చుని రాస్తున్నా. ప్రింటు తీసి షెడ్డు గోడకి అంటించుకో.

తాతయ్య అంబాసిడర్‌ని తుక్కు కింద అమ్మకుండా, ఎలుకలు కొరికిన వైరింగంతా పీకి, నీ చేత్తో కొత్తది లాగావు. విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లు ఇదే పని చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, స్లీవులు తొడిగిన తీరు బాగుంది. మెచ్చుకోలు ఇంతటితో సరి.

సెల్ఫ్, అదే ఇంజను స్టార్ట్ చేసే మోటారు, నీరసంగా తిరుగుతోంది. బ్రేక్ తొక్కితే ఇండికేటర్ మసగ్గా వెలుగుతోంది. ఛార్జింగ్ లేదు. బండి రెండు రోజులు ఆపితే బ్యాటరీ డౌన్. హెడ్‌లైట్లు గుడ్డిదీపాలు. వైపర్ ఫ్యూజు పోయింది. ఇదీ నీ లిస్టు. ఒక్కో దానికి ఒక్కో పార్టు మార్చనా అని అడిగావు, అప్పుడే కొత్త బ్యాటరీ కొనేశావని అక్క చెప్పింది. ఇక రూపాయి ఖర్చు పెట్టకు. వీటిలో కనీసం రెండింటికి కారణం ఒకటే అని నా అనుమానం. వైరింగ్‌కి ముందు బండికి రంగు వేయించావు కదా, అదీ సంగతి.

కరెంటు బ్యాటరీ నుంచి బల్బుకి వెళ్తే సరిపోదు, తిరిగి బ్యాటరీకి రావాలి. వెళ్లే దారికి నువ్వు వైర్లు లాగావు. వచ్చే దారి బాడీ రేకే, దాన్నే ఎర్త్ అంటాం. ఎర్త్ వైరు బిగించే చోటా, లైటు హోల్డర్ కూర్చునే చోటా ఇప్పుడు దట్టంగా పెయింటు ఉంది. పెయింటు మీద ఎంత గట్టిగా బిగించినా కరెంటు సరిగ్గా దిగదు. ఉప్పుకాగితం పెట్టి రేకు తెల్లగా మెరిసేదాకా గీకు. వైరు చివర తొడిగే లోహపు కొస, అదే థింబుల్, పెట్టి బిగించు, పైన కాస్త వాసెలిన్ రాయి, తుప్పు పట్టదు.

ఇంకోటి. ఇంజను కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద. అందుకే ఇంజనుకీ బాడీకీ మధ్య అల్లిన రాగిపట్టీ ఒకటి ఉండాలి. నీ వీడియోలో అది నాకు ఎక్కడా కనపడలేదు. నవ్వొచ్చినా నవ్వలేదు, ఎందుకంటే నేనూ అదే తప్పు చేశాను. పని నేర్చుకునే రోజుల్లో ఒక టాక్సీకి వైరింగంతా మార్చి, ఆ పట్టీ బిగించడం మర్చిపోయాను. సెల్ఫ్ కొట్టాను. అది మూలిగింది. డాష్‌బోర్డు దగ్గర్నుంచి పొగ. చూస్తే డాష్‌బోర్డు నుంచి ఇంజనుకి పోయే చోక్ కేబుల్ చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతోంది! సెల్ఫ్ లాగే కరెంటు నూరు ఆంపియర్లు దాటుతుంది. దానికి దారి లేక ఆ సన్న ఇనప తీగ గుండా తిరిగొచ్చింది. మా మేస్త్రీ ఏమీ అనలేదు, ఆ పట్టీ తెచ్చి నా మెడలో వేశాడు. ఆ రోజంతా దండలా వేసుకునే తిరిగాను.

ఊహతో పనిలేదు, నీ మల్టీమీటరుతోనే తేల్చుకో. స్పార్కుకి కరెంటిచ్చే కాయిల్ వైరు పీకెయ్, ఇంజను స్టార్ట్ కాకూడదు. మీటరు ఒక మొన బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకోటి ఇంజను బ్లాకు మీద పెట్టి, అక్క చేత సెల్ఫ్ కొట్టించు. 0.2 వోల్టు లోపు చూపిస్తే ఎర్త్ బాగున్నట్టు. అరవోల్టు దాటితే దోషం అక్కడే. "మీటరులో 12 వోల్టులు వస్తున్నాయి, అయినా పనిచేయట్లేదు" అని రాశావు చూడు, కొత్తవాళ్లందరూ పడే గుంట అదే. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు 12 చూపిస్తుంది. బరువు పడితేనే దాని బండారం బయటపడుతుంది. అందుకే బల్బు వెలుగుతుండగా, మోటారు తిరుగుతుండగా కొలవాలి.

బ్రేక్ జబ్బూ ఈ కుటుంబానిదే. వెనక లైటు హోల్డర్‌కి ఎర్త్ లేకపోతే, బ్రేక్ బల్బు కరెంటు పక్కనున్న ఇండికేటర్ బల్బు గుండా ఎదురెక్కి, ముందున్న ఇండికేటర్ దాకా పోయి అక్కడ ఎర్త్ పట్టుకుంటుంది. అందుకే ఆ మసక వెలుతురు. బ్యాటరీ నెగటివ్ నుంచి పొడుగు వైరొకటి తెచ్చి హోల్డర్‌కి తాకించి చూడు. జబ్బు పోతే మందు తెలిసినట్టే.

ఛార్జింగ్ సంగతి వేరు. బ్యాటరీని ఛార్జ్ చేసే పాత డైనమో తీయించి, తాతయ్య అదే పనికి ఆల్టర్నేటర్ పెట్టించారు, గుర్తుందా? దానికి మొదట్లో కాస్త కరెంటు అందిస్తేనే మేల్కొంటుంది. అది అందేది డాష్‌బోర్డులో ఉండే ఎర్ర ఛార్జింగ్ బల్బు గుండా. నువ్వేమో అందంగా ఉంటుందని అన్ని బల్బులూ ఎల్‌ఈడీలు చేశావు. ఎల్‌ఈడీ గుండా పోయే కరెంటు దానికి చాలదు. ఆ ఒక్క చోట పాత బల్బు తిరిగి పెట్టు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టుల దాకా రావాలి. అప్పటికీ రాకపోతే ఆల్టర్నేటర్‌ని అనుమానిద్దాం.

ఇప్పుడు నాకు నిజంగా భయం వేసిన విషయం. పాత ఫ్యూజు మీద 35 అని ఉంది కాబట్టి కొత్త ఫ్యూజ్ బాక్సులోనూ 35 పెట్టానన్నావు. అంబాసిడర్ మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్, దాని ఎలక్ట్రికల్ పద్ధతి లూకాస్ అనే ఇంగ్లండు కంపెనీది. ఆ గాజు ఫ్యూజుల మీద రాసిన 35 అంటే అది కాలిపోయే అంకె. నిలకడగా మోయగలిగేది 17 ఆంపియర్లే. ఇప్పటి బ్లేడ్ ఫ్యూజు మీద అంకె నిలకడగా మోసే దాని లెక్క. అంటే నీ ఫ్యూజు కాలేలోపు నీ వైరు కాలుతుంది. ఈ ఉత్తరం చదవడం ఆపి వెళ్లి వాటిని తీసెయ్, 15 ఆంపియర్లవి పెట్టు. తర్వాత చదువుదువుగాని.

పెట్టావా? వైపర్ ఫ్యూజు మళ్లీ పోతే, ఇంకో ఫ్యూజు తగలెయ్యకుండా ఆ ఖాళీలో 21 వాట్ల బల్బు కలుపు. షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, రెండు ఆంపియర్లు కూడా దాటనివ్వదు, ఏదీ కాలదు. ఆ లైను మీద ఉన్నవన్నీ ఒక్కొక్కటే పీకుతూ పో. ఏది పీకితే బల్బు ఆరిపోతుందో దొంగ అక్కడున్నాడు. రేకు కన్నాల్లోంచి వైరు దూరే చోట్ల రబ్బరు బుష్షులు వేశావో లేదో కూడా చూసుకో. నేను చూసిన షార్టుల్లో ఎక్కువ అక్కడే.

బ్యాటరీ దిగిపోవడానికి స్టీరియో కారణమని నా పందెం. పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండేది, ఎరుపు తాళం తిప్పాక వచ్చేది. రెండూ కలిపి బ్యాటరీకి ఇచ్చి ఉంటావు. ఆంపియర్ లీకైతే చాలు, రెండు రోజులకు 48 ఆంపియర్-అవర్లు పోతాయి, బ్యాటరీ ఖాళీ. అన్నీ ఆపి, నెగటివ్ కేబుల్ ఊడదీసి, మధ్యలో మీటరు 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి చూడు. కంప్యూటర్లు లేని బండి, 50 మిల్లీ ఆంపియర్లు కూడా దాటకూడదు. మీటరు అలా ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకు, మీటరు పోతుంది.

హెడ్‌లైట్లకు రిలేలు పెట్టు, అంటే కొద్ది కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చులు, పాత స్విచ్చు మీద అంత భారం వద్దు. వోల్టేజిలో పదో వంతు దారిలో పోయినా వెలుగులో దాదాపు మూడో వంతు పోతుంది. రిలే మీద 30 అని రాసిన పిన్నుకి బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా, 87 నుంచి బల్బుకి, 86కి స్విచ్చు వైరు, 85 ఎర్త్. ఆ ఎర్త్ కూడా గీకిన రేకు మీదే.

జాయింట్లకు ఇంటి వైరింగ్ ఒంటి తీగ ఎక్కడా వాడలేదు కదా? అదురుకి తెగిపోతుంది. బ్యాటరీ ఊడదీసేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర్న నెగటివ్. చేతి కడియం తీసెయ్, పానా తగిలి అది ఎర్రగా కాలితే చర్మం ఊడొస్తుంది. పక్కన మంటలార్పే డ్రై పౌడర్ సిలిండర్ ఉంచుకో.

ఒక్కటి అడుగుతా, ఏమీ అనుకోకు. పాత పద్ధతిలో గోధుమరంగు బ్యాటరీ నుంచి నేరుగా, తెలుపు తాళం తర్వాత, ఆకుపచ్చ ఫ్యూజు తర్వాత, నలుపు ఎర్త్. నువ్వు బండి మొత్తం ఎర్ర వైరే లాగావు. ఆ రోజు కొట్లో అదే చవగ్గా దొరికిందా? ప్రతి వైరు రెండు చివర్లా నంబరు చీటీలు కట్టు, పుస్తకంలో ఏ నంబరు ఎక్కడికి పోతుందో రాసుకో. కట్టు విప్పించుకున్నాక వస్తా, అప్పుడు ఆ పుస్తకం చూపించాలి.

రాగిపట్టీ బిగించాక సెల్ఫ్ ఎలా కొడుతోందో ఫోన్ చెయ్. బిగించే ముందు చోక్ కేబుల్ ఒకసారి తడిమి చూడు, వేడిగా ఉందేమో.

మీ మామయ్య