చివరి గడియలో నమ్మినవాడికి రక్షణ దొరకడం న్యాయమేనా?

జీవితమంతా తప్పులు చేసినవాడు పోయే ముందు యేసును నమ్మితే రక్షణకు, అంటే పాపాలకు క్షమాపణ పొంది దేవుణ్ణి చేరడానికి, సరిపోతుందా, వాడి చేతిలో నష్టపోయినవాళ్ళ మాటేంటి అని అడిగారు. ఇందులో రెండో ప్రశ్నే బరువైనది. మా ఇంట్లోనే ఎదురైంది కాబట్టి రాస్తున్నాను.

మా చర్చిలో గుడ్ ఫ్రైడే రోజు పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు ధ్యానిస్తాం. ఒక ఏడాది రెండో మాట, అంటే దొంగతో అన్న మాట, నన్ను చెప్పమన్నారు. బైబిల్లో లూకా సువార్త 23వ అధ్యాయం అప్పుడు నింపాదిగా చదివాను. యేసుకు అటూ ఇటూ ఇద్దరు నేరస్థులు. మొదట ఇద్దరూ ఆయన్ని నిందించారని మత్తయి, మార్కు రాశారు. ఒకడు "నిన్ను నీవు రక్షించుకొనుము, మమ్మును కూడ రక్షించుము" అంటాడు. వాడికి రక్షణంటే సిలువ దిగి ప్రాణాలతో వెళ్ళిపోవడం. రెండోవాడు ఆ మాటే ఎత్తడు. మనకు పడిన శిక్ష న్యాయమైనదే, ఈయన ఏ తప్పూ చేయలేదని ఒప్పుకుని, నీ రాజ్యంలోకి వచ్చినప్పుడు నన్ను జ్ఞాపకం చేసుకో అని అడుగుతాడు. ఈ రోజే నాతో పరదైసులో, అంటే దేవుడి సన్నిధిలో, ఉంటావని యేసు మాట ఇచ్చాడు. అయినా వాడు సిలువ దిగలేదు. సైనికులు వచ్చి ఆ ఇద్దరి కాళ్ళూ విరగ్గొట్టారని యోహాను 19లో ఉంది. క్షమాపణ దొరికింది, శిక్ష తప్పలేదు. రక్షణ అంటే తప్పించుకునే దారి అనుకునేవాళ్ళకి ఈ వచనం చూపిస్తుంటాను.

మా పెదనాన్న తాగేవాడు, పెద్దమ్మను కొట్టేవాడు, తమ్ముడి అరెకరం మోసం చేసి తన పేర రాయించుకున్నాడు. లివర్ పాడై మంచాన పడ్డాక పాస్టర్ గారిని పిలిపించుకుని ఏడ్చాడు. తర్వాత ఎవరూ అడక్కుండానే సబ్ రిజిస్ట్రార్‌ను ఇంటికి రప్పించమన్నాడు. సంతకం పెట్టడానికి చెయ్యి వణికిపోతుంటే వేలిముద్ర వేసి ఆ అరెకరం మా బాబాయికి తిరిగి రాసిచ్చాడు. జబ్బు మాత్రం తగ్గలేదు, పోయాడు. ఆ పొలం ఇచ్చినందుకు ఆయనకి రక్షణ వచ్చిందని నేననను. లూకా 19లో జక్కయ్య అనే ధనవంతుడైన పన్నుల అధికారి ఇంటికి యేసు ముందు వెళ్ళాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానని జక్కయ్య అన్నది ఆ తర్వాతే. కృప చేతనే, విశ్వాసం ద్వారానే రక్షణ, క్రియల వల్ల కాదు అని ఎఫెసీ 2లో పౌలు రాసింది ఇదే. మారిన మనసు ఊరుకోదు, చేతనైన చోట సరిదిద్దుతుంది.

ఇక మీ రెండో ప్రశ్న. "దేవుడు ఆయన్ని క్షమించేస్తే నేను పడ్డ దెబ్బలు ఏమైనట్టు?" అని పెద్దమ్మ పాస్టర్ గారిని అడిగింది. "ఆ దెబ్బలు దేవుడి లెక్కలోంచి పోలేదమ్మా. ఆ పాపం అంత బరువైనది కాబట్టే దాన్ని మోయడానికి ప్రభువు సిలువ ఎక్కాల్సి వచ్చింది. నువ్వు ఇవాళే క్షమించాలని నేను చెప్పను" అన్నారాయన. చాలామంది ఇక్కడే తొందరపడతారు. క్షమించాలని సువార్త చెప్తుంది, నిజమే. కానీ దెబ్బలు తిన్న మనిషి దగ్గరికెళ్ళి, ఆయన రక్షించబడ్డాడు కదా, ఇంక మర్చిపో అనే హక్కు చుట్టాలకు లేదు. పెద్దమ్మ ఇప్పటికీ చర్చికి వస్తుంది. పెదనాన్న ప్రస్తావన వస్తే మాత్రం మాట్లాడదు, మేమూ అడగం.