ట్రంక్ మీద చెయ్యేసే ముందు

అమ్మలూ,

నీ మెసేజీ చూసేను. స్విచ్చులు రెండు, సర్వర్లు పన్నెండు, ముగ్గురు రీసెర్చోళ్ళు, ఒకళ్ళ ట్రాఫిక్ ఇంకొకళ్ళకి తగలకూడదు, అంతే కదా, వీలాన్లు పెడితే సరి, అంటే ఒకే స్విచ్చుని నంబర్లేసి విడివిడి నెట్‌వర్కులుగా విడగొట్టడం, దానికి బరంపురంలో కూచుని అంత కంగారెందుకే.

ముందు కాయితం తియ్యి. ఏ పోర్టులో ఏ సర్వరో రాసుకో, కేబులుకి రెండు చివర్లా స్టిక్కరెయ్యి. సర్వరుకి రెండేసి నెట్‌వర్క్ కార్డులున్నాయన్నావు కదా, ఒకటి ప్రయోగాలకి, రెండోది ఒట్టి లాగిన్‌కి. ఎవడో ప్యాకెట్లు వరదలా వదిలేడనుకో, నువ్వు లోపలికెళ్ళి ఆపడానికి దారుండాలి మరి.

వీలాన్ నంబర్లు 1 నుంచి 4094 దాకా ఉంటాయి గానీ 1 వాడకు, అది డిఫాల్టు, కొత్తగా ఏది గుచ్చినా అందులోనే పడుద్ది. సిస్కో అయితే 1002 నుంచి 1005 కూడా వదిలెయ్. లాగిన్‌కి 10, ప్రయోగాలకి 201, 202, 203 పెట్టుకో. ట్రంకంటే రెండు స్విచ్చుల మధ్య చాలా వీలాన్లని ఒకేసారి మోసే లింకు, దాని నేటివ్ వీలాన్, అంటే నంబరు ట్యాగు లేని ప్యాకెట్లు పడేది, రెండేపులా ఒకటే ఉందో లేదో చూడు.

ఇప్పుడు అసలు సంగతి. ట్రంకులో కొత్త నంబరు కలిపేటప్పుడు 'అలౌడ్ వీలాన్ యాడ్ 203' అని కొట్టాలి. ఆ 'యాడ్' మర్చిపోయేవా, పాతవన్నీ పోయి 203 ఒక్కటే మిగుల్తుంది. నేను రాయగడలో ఇంట్లో కూచుని జయపురంలో ఉన్న స్విచ్చుకి సరిగ్గా అదే చేసేను, ఎంటర్ నొక్కేను, కర్సరు అలా ఆగిపోయింది, స్విచ్చులోకి లాగినయ్యే మేనేజ్‌మెంటు వీలాన్ కూడా పోయింది కదా. వర్షంలో ఘాట్ రోడ్డు బస్సెక్కి, ఒళ్ళో స్విచ్చుకి నేరుగా తగిలించే కన్సోలు కేబులెట్టుకుని వెళ్ళేను, మీ అత్తయ్య ఇప్పటికీ దెప్పుద్ది.

అందుకే దూరం నుంచి చేస్తే ముందు 'రీలోడ్ ఇన్ 10' కొట్టు, మార్చు, బానే ఉంటే 'రీలోడ్ క్యాన్సిల్' కొట్టి అప్పుడు సేవ్ చెయ్యి. చెడితే పది నిమిషాల్లో అదే రీస్టార్టయి పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. ముందే సేవ్ చేసేవో, ఇంక బస్సే.

టెస్టింగప్పుడు పింగ్ వెళ్ళలేదని సంబరపడిపోకు, సబ్‌నెట్లు, అంటే ఐపీ అడ్రసుల గుంపులు, వేరైతే వీలాన్ లేకపోయినా పింగ్ వెళ్ళదు. 201లో ఒకదానికీ 202లో ఒకదానికీ ఒకే సబ్‌నెట్ ఐపీలిచ్చి, ఇటు పింగ్ కొడుతూ అటు వచ్చే ప్యాకెట్లు చూపించే టీసీపీడంప్ పెట్టి చూడు. ఒక్క ఏఆర్‌పీ, అంటే 'ఈ ఐపీ ఎవరిది' అని అడిగే ప్యాకెట్, అటునుంచి కనపడినా ఎక్కడో కారుతున్నట్టే.

కన్సోలు కేబులు నా దగ్గర ఇంకోటుంది. మీ అమ్మ మజ్జిగౌరమ్మ దర్శనానికొస్తానంది కదా, తనతో పంపిస్తాను.

మావయ్య